రెండు కొసలూ మొనదేలిన పడవకి ట్రోలింగ్ మోటారు స్టాండు: ఎక్కడ, ఎలా?

మీ ప్రశ్న ఇదీ. పద్నాలుగు అడుగుల ఫైబర్ పడవ, రెండు కొసలూ మొనదేలి ఉన్నాయి, వెనకాల మోటారు తగిలించడానికి చదునైన పలక లేదు. పాయ దాటి లంకలో కొబ్బరితోటకి వెళ్లిరావడానికీ, తీరిక దొరికితే గేలం వేసుకోవడానికీ 12 వోల్టుల 55 పౌండ్ల ట్రోలింగ్ మోటారు, అంటే బ్యాటరీతో నడిచే చిన్న పడవ మోటారు, కొన్నారు. స్టాండు ఇంట్లోనే చేసుకోవచ్చా, చెక్కా ఇనుమా, ఎక్కడ బిగించాలి, పడవకి బెజ్జాలు పెట్టాలా అని అడిగారు.

చేసుకోవచ్చండి, ఒక్క ఆదివారం పని. చెక్కతోనే చేయండి. అడ్డంగా ఒక కర్ర కాదు, అడుగు ఎడంతో రెండు కర్రలు వేయండి. మోటారు ఎడమ పక్కన, మీరు కూర్చునే చోటికి జానెడు వెనక రావాలి. పడవకి మాత్రం ఒక్క బెజ్జం కూడా పెట్టొద్దు. మొనదేలిన వెనక కొసకి, అదే అమరానికి, ఇనప ముక్క వంచి తగిలించేద్దాం అనుకుంటారు చాలామంది. చేయి అందదు, వెనక్కి తిరిగి కూర్చుంటే ముందు ఏముందో కనపడదు, పైగా మీ బరువుకి మోటారు బరువు తోడై ముందు కొస గాల్లోకి లేస్తుంది. ఆ ఆలోచన వదిలేయండి.

నా సంగతి చెప్పాలంటే నేను వడ్రంగిని కాను. రాజోలు వైపు రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు, అంటే నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు, రిపేరు చేస్తుంటాను, నీళ్లలో తిరిగే మోటారు ఎలా పాడవుతుందో రోజూ చూస్తాను. పడవ స్టాండ్లు నావి మూడు, వేరేవాళ్లకి చేసిపెట్టినవి ఓ పది ఉంటాయి. వాటిలో రెండు విరిగాయి. ఆ రెండూ నావే.

అన్నట్టు, షాపులో ఎవరైనా అయోమయపెడతారని ముందే చెప్తున్నా, ఇది కాకినాడ బోట్లు చేసే ట్రాలింగ్ కాదు. అది అడుగున పెద్ద వల ఈడ్చడం. ట్రోలింగ్ అంటే పడవ మెల్లగా పోతుంటే వెనక గేలం లాగడం. ఈ మోటారు పుట్టింది ఆ మెల్లటి నడకకే. దీన్నుంచి లాంచీ స్పీడు ఆశించకండి, మనిషి గబగబా నడిచినంత వేగం వస్తే గొప్ప.

అసలు కిటుకు బరువులో లేదు, మెలిలో ఉంది. ఇది ఒక్కటి బుర్రకెక్కితే స్టాండు ఎలా చేసినా నిలబడుతుంది, ఎక్కకపోతే టేకుతో చేసినా ఊడుతుంది. మోటారు బరువు పది కిలోలో, కాస్త ఎక్కువో ఉంటుంది, దాన్ని మేకు కూడా మోస్తుంది. కానీ 55 పౌండ్లు అని రాసింది బరువు కాదు, తోపుడు. అంటే ఫ్యాను నీళ్లలో పాతిక కిలోల బలంతో ముందుకి తోస్తుంది. ఆ ఫ్యాను మోటారు కడ్డీ కింది చివర, మీ అడ్డకర్రకి సుమారు 75 సెంటీమీటర్ల కింద ఉంటుంది. పొడుగాటి రెంచి పట్టుకుని బోల్టు తిప్పుతాం చూడండి, అలా ఆ కడ్డీ మీ అడ్డకర్రని దాని చుట్టూ దాన్నే తిప్పేయడానికి చూస్తుంది.

లెక్క వేద్దాం. పాతిక కిలోలని ముప్పావు మీటరుతో గుణిస్తే దాదాపు 19. అడ్డకర్ర ఒక్కటే ఉండి, అది అంచు మీద ఆనే వెడల్పు నాలుగంగుళాలు, అంటే పది సెంటీమీటర్లు అయితే, 19ని 0.1తో భాగించండి. 190 కిలోలు! మీ బోల్టుని పైకి పీకే బలం అది. అదే రెండు కర్రలు అడుగు ఎడంతో వేసి నిచ్చెనలా కలిపేస్తే ఆ ఎడం 30 సెంటీమీటర్లు, బలం 63 కిలోలకి దిగిపోతుంది. అదే చెక్క, అవే బోల్టులు, కర్ర ఒక్కటి ఎక్కువ. ఇంకో సంగతి, ఇది మామూలుగా నడిచేటప్పటి లెక్క. నీళ్లలో మొద్దుకి తగిలితే ఎంతవుతుందో నన్నడక్కండి.

నా మొదటి స్టాండు ఒంటికర్రదే. బోడసకుర్రు వంతెనకి కాస్త దిగువన, గోదావరి వైనతేయ పాయలో, ఒడ్డు పక్క గుర్రపుడెక్కలో దూరాను. బయటపడదామని రివర్సు వేశాను. ముందుకి పోయినంతసేపూ బాగానే ఉన్న కర్ర, రివర్సులో కిర్రుమని ఒక్క చుట్టు తిరిగింది. మోటారు తగిలించిన పలక కింది భాగం వెనక్కి, పై భాగం ముందుకి. మోటారు తలకాయ వచ్చి నా డొక్కలో పొడిచింది, ఫ్యాను నీళ్లలోంచి బయటికొచ్చి మిక్సీలా అరిచింది. స్విచ్చి కోసం తడుముకునే లోపు ఒక పక్క క్లాంపు జారింది, మోటారు నీళ్లలో పడింది. పోలేదు, కరెంటు వైరు పట్టుకుని వేలాడుతోంది, పిల్లి తోక పట్టుకుంటే వేలాడినట్టు. వైరు లాగి పైకి తీసేసరికి బ్యాటరీ దగ్గర వైరు కొసకి ఉండే లగ్గు సగం ఊడి ఉంది. అప్పటినుంచి ఏ మోటారుకైనా వేలెడు లావు నైలాను తాడు ఒకటి కట్టి, రెండో కొస పడవలో కూర్చునే బల్లకి ముడేయకుండా నీళ్లలో దింపను. మీరూ అంతే చేయండి, ఇందులో మొహమాటం లేదు.

ఇక చేసే పద్ధతి.

అడ్డకర్రలు మూడంగుళాలు రెండంగుళాల సైజువి రెండు. మూడంగుళాల వైపు నిలువుగా ఉండాలి. పొడవు ఎంతంటే, మోటారు పెట్టే చోట పడవ వెడల్పు కొలిచి, ఎడమ పక్క అంచు దాటి అడుగు, కుడి పక్క మూడంగుళాలు బయటికి వచ్చేలా. రెండింటినీ పడవ లోపలి వైపు రెండుచోట్ల అడుగు పొడవు ముక్కలతో కలిపేయండి, నిచ్చెన మెట్లలాగా.

మోటారు తగిలించే పలక పది అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల ఎత్తు, అంగుళంన్నర మందం. వెనక అడ్డకర్ర వెనక ముఖానికి 10 ఎంఎం బోల్టులు నాలుగు వేసి బిగించండి. కర్ర పైన అయిదంగుళాలు, కింద నాలుగంగుళాలు పలక కనపడాలి. ఆ పైన వదిలిన అయిదంగుళాలే మోటారు క్లాంపు కరుచుకునే చోటు. ముందు మీ క్లాంపు నోరు ఎంత తెరుచుకుంటుందో, ఎంత లోతు దిగుతుందో టేపు పెట్టి చూసుకుని అప్పుడు చెక్క కోయించండి. చాలావాటికి అంగుళంన్నర మందం సరిపోతుంది.

పలక ముఖం పడవ వెనక్కి చూడాలి, పక్కకి కాదు. ఇది చాలామంది తప్పు చేసే చోటు. పడవ అంచుకి సమాంతరంగా పలక కొట్టేస్తే పని తేలిక, నిజమే. కానీ ఈ మోటార్లలో చాలావాటికి ఏదైనా తగిలితే వెనక్కి, పైకి లేచే మడతబందు లాంటిది ఉంటుంది. పలక వెనక్కి చూస్తేనే అది లేస్తుంది. పక్కకి చూసేలా పెడితే మొద్దు తగిలినప్పుడు లేవదు. ఆ దెబ్బంతా కడ్డీ మీదా మీ స్టాండు మీదా పడుతుంది. మన పాయల్లో వరదకి కొట్టుకొచ్చిన కొబ్బరి మొద్దులు ఎక్కడ మునిగి ఉంటాయో ఎవరికి తెలుసు.

తర్వాత ఊతకర్రలు. పలక కింది అంచు నుంచి ముందు అడ్డకర్రకి ఏటవాలుగా రెండు. ముందుకి నడిచేటప్పుడు ఇవి ఒత్తిడి తింటాయి, రివర్సులో సాగదీతకి గురవుతాయి. అందుకే మేకులు వద్దు, స్క్రూలు కూడా వద్దు. అటూ ఇటూ వెడల్పాటి వాషరు వేసి బోల్టు దూర్చి నైలాక్ నట్టు (లోపల నైలాను రింగు ఉండేది) బిగించండి. మామూలు నట్టు మోటారు వణుకుడికి వదులవుతుంది.

పడవకి బిగింపు: ఫైబర్ పడవ అంచు సాధారణంగా బయటికి మడిచి ఉంటుంది. ఆ మడత కింద నాలుగంగుళాల చెక్క దిమ్మ పెట్టి, అడ్డకర్రలోంచీ దిమ్మలోంచీ ఒకే బోల్టు, మడతకి బయట నుంచి పోయేలా దింపండి. బిగిస్తే మడత మధ్యలో నలిగి పట్టుకుంటుంది. ఇలా ఒక్కో కర్రకి రెండు, మొత్తం నాలుగు చోట్ల. మధ్యలో పాత సైకిలు ట్యూబు ముక్కలు వేస్తే ఫైబర్ గీసుకుపోదు, జారదు కూడా. సీతాకోకచిలుక నట్లు వేసుకుంటే సాయంత్రం విప్పి ఇంటికి తెచ్చుకోవచ్చు, కాకపోతే బయల్దేరే ముందు ప్రతిసారీ చేత్తో తిప్పి చూసుకోవాలి. మీ పడవకి మడత లేకపోతే లారీల మీద సరుకు కట్టే రాచెట్ బెల్టు రెండు కర్రల మీదుగా పడవ అడుగు నుంచి చుట్టి బిగించండి. చూడ్డానికి బాగోదు గానీ ఊడదు.

బెజ్జాలు ఎందుకు వద్దంటున్నానంటే, ఫైబర్‌కి బెజ్జం పెట్టినచోట తడి లోపలికి పోతుంది, బోల్టు కదులుతున్నకొద్దీ చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. పైగా మోటారు స్థానం మొదటిసారే కుదరదు. రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ జరుపుతారు. జరిపినప్పుడల్లా నాలుగు బెజ్జాలంటే పడవ జల్లెడ అవుతుంది.

ఏ చెక్క? ఇంట్లో పాత టేకు గుమ్మం ముక్కలుంటే అంతకంటే ఏం కావాలి. కొనాలంటే మద్ది దొరికినా మంచిదే. పలకకి ప్లైవుడ్ వాడేట్టయితే ఐఎస్ 710 అని ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. 19 ఎంఎంవి రెండు అతికిస్తే 38 ఎంఎం, సరిగ్గా అంగుళంన్నర. మామూలు ఐఎస్ 303 ప్లై బీరువాలకి వాడేది, దాన్ని రోజూ తడిపితే పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. సరుగుడు చవక కదా అంటారు. పచ్చిది ఎండేకొద్దీ పగులుతుంది, నిన్న బిగించిన బోల్టు రేపు గిలకలాడుతుంది. గుంజలకి బాగుంటుంది, దీనికి కాదు. కోసిన అంచులకీ, బెజ్జాల లోపలికీ ఎపాక్సీ గానీ మంచి వార్నిష్ గానీ పూయడం మరిచిపోకండి. చెక్క కుళ్లడం మొదలయ్యేది బెజ్జంలోనే.

ఇనుము ఎందుకు వద్దు అంటే, వద్దని కాదు, మొదటిసారి వద్దు. చెక్కయితే రంపం పెట్టి సరిచేసుకోవచ్చు, వెల్డింగ్ చేశాక కొలత తప్పితే మళ్లీ షాపుకే. నా రెండో స్టాండు ఇనప చదరపు గొట్టంతో చేయించాను, రంగు కూడా వేశాను. అంతర్వేది వైపు ఉప్పునీళ్లలో తిరిగి తిరిగి, పైన రంగు బాగానే ఉంది గానీ గొట్టం లోపలినుంచి తినేసింది, వెల్డింగు అతుకు దగ్గర పుటుక్కుమంది. జీఐ గొట్టం, అంటే జింకు పూత ఉన్న ఇనప గొట్టం, వెల్డింగ్ చేస్తే అతుకు దగ్గర జింకు కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది, ఆ పొగ కూడా మంచిది కాదు. చెక్కతో ఒక సీజను తిప్పి, స్థానం కుదిరింది అనుకున్నాక ఎస్ఎస్‌తో, అంటే స్టెయిన్‌లెస్ స్టీలుతో, చేయించుకోండి. మంచినీళ్ల కాలవలకి 304 రకం చాలు, సముద్రపు పోటు నీరు వచ్చే చోటయితే 316. బోల్టులు మాత్రం మొదటినుంచీ ఎస్ఎస్‌వే కొనండి.

స్థానం గురించి ఇంకాస్త. పడవకి సరిగ్గా నడుమ పెడితే మోటారు తిప్పినప్పుడు పడవ మలుపు తిరగదు, పీతలా పక్కకి జరుగుతుంది. వెనక నుంచి మూడోవంతు దగ్గర పెడితే చక్కగా తిరుగుతుంది. మీ కూర్చునే బల్ల కూడా సుమారు అక్కడే ఉంటుంది కాబట్టి పిడి చేతికి అందుతుంది. ఎడమ పక్క ఎందుకంటే కుడిచెయ్యి గెడకో గేలానికో ఖాళీగా ఉండాలి. మీది ఎడమచేతి వాటమయితే తిరగేయండి. పక్కన ఉన్న మోటారు కాబట్టి పడవ కుడికి లాగుతుంది, పిడి ఓ రెండు వేళ్ల మందం సరిచేసి పట్టుకుంటే తిన్నగా పోతుంది, ఓ గంటలో చేతికి అలవాటైపోతుంది. అంచు నుంచి మోటారు కడ్డీకి ఏడెనిమిది అంగుళాల ఎడం ఉంచండి. కరెంటు ఇవ్వక ముందు చేత్తో పూర్తిగా చుట్టూ తిప్పి ఫ్యాను ఎక్కడా పడవకి తగలట్లేదని చూడండి.

ఫ్యాను పై అంచు నీటిమట్టానికి కనీసం అరడుగు కింద ఉండాలి. లేకపోతే గాలి పీల్చి ఉత్తినే గిరగిరా తిరుగుతుంది, పడవ కదలదు. ఈ కొలత ఒడ్డున తీయకండి. ఎందరు ఎక్కుతారో అందరినీ ఎక్కించి, బ్యాటరీ పెట్టి, అప్పుడు నీళ్లలో కొలవండి. పలక పై అంచు నీటికి ఇరవై అంగుళాలు దాటితే 30 అంగుళాల కడ్డీ పొట్టి అవుతుంది, 36ది కావాలి.

బ్యాటరీ మోటారుకి ఎదురు పక్క, కాస్త ముందుకి. ఒక చేపల చెరువు రైతు 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ఇన్వర్టరు బ్యాటరీ తెచ్చి మోటారు పక్కనే పెట్టుకున్నాడు. బ్యాటరీ యాభై కిలోల పైనే, దానికి మోటారు, ఆ పైన మనిషి, అంతా ఒకే పక్క. మేత బస్తా తీసుకోవడానికి ఒంగాడు, అంతే. నడుం లోతు చెరువు కాబట్టి నవ్వుకున్నాం. మీది గోదావరి పాయ, నవ్వడానికి ఉండదు. లైఫ్ జాకెట్ వేసుకోండి.

55 పౌండ్ల మోటారు ఫుల్లు స్పీడులో ఇంచుమించు 50 ఆంపియర్లు లాగుతుంది. 100 ఏహెచ్ లిథియం అయితే ఫుల్లులో రెండు గంటలు, మెల్లగా పోతే అయిదారు గంటలు. మామూలు యాసిడ్ బ్యాటరీ అయితే అందులో సగమే మీదనుకోండి, సగం కంటే కిందకి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. వైరు విషయంలో పిసినారితనం వద్దు. ఇంట్లో మిగిలిన 4 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే, పోనూరానూ ఆరు మీటర్లకే దాదాపు 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. వైరు వేడెక్కి పీవీసీ కాలిన వాసన వస్తుంది, నాకు వచ్చింది. 16 స్క్వేర్ ఎంఎం రాగి వెల్డింగ్ కేబుల్ తీసుకోండి, మెత్తగా వంగుతుంది కూడా. బ్యాటరీ ప్లస్ దగ్గరే 60 ఆంపియర్ల డీసీ బ్రేకరు పెట్టండి. ఫ్యానుకి వల చుట్టుకున్నప్పుడు మిమ్మల్ని కాపాడేది అదే.

గుర్రపుడెక్కకి మందు లేదు. దాంట్లోకి పోతున్నారంటే మోటారు ఎత్తేసి గెడ వేయండి. అలాగే నెలకోసారి ఫ్యాను విప్పి చూడండి, వెనక నైలాను దారం చుట్టుకుని ఉంటుంది. అది సీలుని కోస్తే నీళ్లు మోటారులోకి పోతాయి. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ పడవ కదలకపోతే ఫ్యాను పిన్ను విరిగినట్టు. రూపాయల్లో పోయే వస్తువు, రెండు జేబులో ఉంచుకోండి. ఉప్పునీళ్లలో తిరిగి వస్తే బోరు నీళ్లతో కాకుండా కాలవ నీళ్లతోనో కుళాయి నీళ్లతోనో కడగండి. మా వైపు బోర్లు చాలావరకు ఉప్పే.

అమావాస్యకీ పున్నమికీ పోటు గట్టిగా ఉంటుంది. సముద్రం దగ్గర పాయల్లో ఆ రోజుల్లో ఎదురు నీటికి పోవాలంటే ఈ మోటారు అక్కడే నిలబడి బ్యాటరీ తాగేస్తుంది. నీరు నిలకడగా ఉన్న వేళ చూసుకుని దాటండి, ఎప్పుడూ తెడ్డో గెడో పడవలో ఉండాలి. వరద కాలంలో అయితే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు, నేను అంతదాకా ఆగను, నీరు ఎర్రబడగానే మోటారు విప్పి అటక మీద పెట్టేస్తాను.

స్టాండు బిగించాక నేరుగా పాయ దాటకండి. ముందు ఒడ్డున గుంజకి తాడుతో పడవని కట్టేసి, ఫుల్లు స్పీడులో ముందుకి రెండు నిమిషాలు, రివర్సులో రెండు నిమిషాలు నడిపించండి. ఎవరినైనా అడ్డకర్ర మీద చెయ్యి పెట్టి ఉంచమనండి. కర్ర చేతికింద కదిలినట్టు అనిపిస్తే ఊతకర్రల బోల్టులు మళ్లీ చూడండి.

మీ పడవ అంచు నీటికి ఎంత ఎత్తులో ఉంది (మనుషులు ఎక్కాక), అంచు మడత ఎంత వెడల్పు, మోటారు కడ్డీ 30 అంగుళాలదా 36దా, ఈ మూడూ రాయండి. పలక ఎంత ఎత్తులో పెట్టాలో లెక్క కట్టి చెప్తాను, అప్పటిదాకా చెక్క కోయించకండి.